నెల్డా గీసిన తపాలా ముద్ర

స్లేట్ ఫోర్క్ తపాలా ఆఫీసులో నెల్డా హాస్కిట్ ముప్పై నాలుగేళ్లు పనిచేసింది. అన్నేళ్లలో ఒక్క ఉత్తరం పోగొట్టలేదు, ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పలేదు. ఎవరికి కోర్టు నోటీసులు వస్తున్నాయో, ఎవరి పాత మొగుడు ఇప్పటికీ పుట్టినరోజు కార్డు పంపుతున్నాడో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ భయపడేవారు కాదు. అలాంటి మనిషి చేతుల మీదుగా జరిగింది గనకే ఈ సంగతి మా ఊళ్లో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

మిల్లు మూతపడ్డాక మా ఊళ్లో మిగిలినవి తపాలా ఆఫీసు, ఒక కాఫీ హోటలు, పెట్రోలు బంకు, వేసవిలో కూడా మధ్యాహ్నం దాకా విడవని పొగమంచు. చుట్టూ ఆకాశమంత ఎత్తు పెరిగే రెడ్‌వుడ్ చెట్ల అడవి. చూడవచ్చిన వాళ్లు అబ్బో అని తలలెత్తి చూస్తారు గానీ, అందులో చాలామటుకు మా తాతలు ఒకసారి నరికేశాక మళ్లీ మొలిచిందే. అసలైన పాత చెట్లు ఒక్కచోట మిగిలాయి, పదకొండు. వాటిని ఏ మహానుభావుడూ ఉద్యమం చేసి కాపాడలేదు. చెట్లు నరికే కూలీలే కాపాడారు. కంపెనీ వాళ్లకు ఊరి వెనక వాగు పైభాగం అంతా బండలేనని చెప్పి, దారి వేయనివ్వకుండా, తమలో తాము దాచిపెట్టుకున్నారు. రోజూ చెట్లు కూల్చే మనుషులకు ఆ పదకొండింటి మీద ఎందుకు మనసు పోయిందో ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

అన్నిటికన్నా పెద్దదానికి పేరు పెట్టలేదు. పేరంటూ ఉంటే నోళ్లలో నానుతుందని వాళ్ల భయం. 'అవతలిది' అంటారు, అంతే. దాన్ని చూపించడానికి ఒక పద్ధతి ఉంది. తెలిసినవాడు తన జీవితంలో ఇద్దరికో ముగ్గురికో, మనిషిని చూసి, నమ్మకం కుదిరాక, వెంటబెట్టుకుని తీసుకెళ్లి చూపిస్తాడు. ఒట్టు వేయించుకోరు. చూపించారంటేనే ఒట్టు వేసినట్టు. ఫొటో తీయరు, మ్యాపు గీయరు. నెల్డాకు ఇరవై రెండేళ్లప్పుడు ఆమె తండ్రితో కలిసి రంపం పట్టిన ఓడెల్ రస్క్ చూపించాడు. ఆ రోజు చెట్టుకు వీపు ఆనించి కూర్చుని, ఎదురుగా పొగమంచులోంచి తేలిన కొండల అంచు చూస్తూ ఇద్దరూ రొట్టె ముక్కలు తిన్నారు. ఆమెకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. మా ఊళ్లో కొందరు పాపం అన్నారు. ఆమె మాత్రం తన బతుకులో తనకు దొరకాల్సింది ఆ రోజే దొరికిందని అనుకునేది.

ఆ చెట్టు చూపించకుండా పక్కన పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. రాయిస్ ప్రూయిట్ వాళ్లలో ఒకడు. నలభై దాటిన మనిషి, రహదారి పక్కన దుకాణం. రెడ్‌వుడ్ మొదళ్లలో పెరిగే బుడిపెల్ని పలకలుగా కోసి, గడియారాలు, బల్లలు చేసి అమ్ముతాడు. ఆ బుడిపె కర్రలో సుళ్లు తిరిగే గీతలుంటాయి, జనం ఎగబడి కొంటారు. పడిపోయిన చెట్టు బుడిపె కోస్తే తప్పేం లేదు. నిలబడిన చెట్టుది కోస్తే అక్కడినుంచి లోపలికి తెగులు పట్టి, పదేళ్లకో ఇరవయ్యేళ్లకో చెట్టు కూలిపోతుంది. అతను కుర్రతనం నుంచీ చెట్టు చూపించమని ఓడెల్ చుట్టూ తిరిగాడు. ఓడెల్ ఒక్కటే మాట అనేవాడు: "ప్రూయిట్ల కంటికి చెట్టు కనబడదురా, పలకలే కనబడతాయి." ఊరంతా నవ్వేది. రాయిస్ కూడా నవ్వేవాడు. ఆ నవ్వు ఎలాంటిదో ఎవరూ సరిగ్గా చూడలేదు.

ఆ ఏడు తపాలా శాఖ వాళ్లు అడవుల మీద, విహారస్థలాల మీద పన్నెండు స్టాంపులు వేశారు. ఎడారి లోయ ఒకటి, జలపాతం ఒకటి, సరస్సు ఒకటి, అలా. వాటిలో ఒకటి మా తీరపు రెడ్‌వుడ్ అడవి. స్టాంపు మీద బొమ్మ చూస్తే పొగమంచులో నాలుగు మొదళ్లు, అంతే. ఎక్కడిదైనా కావచ్చు. దానితో ఏ ప్రమాదమూ లేదు. కానీ ఆ అడవుల దగ్గరున్న చిన్న ఆఫీసులకు ఒక అవకాశమిచ్చారు. ముప్పై రోజులపాటు మామూలు తారీకు ముద్రకు బదులు తమ ఊరి బొమ్మ ఉన్న ప్రత్యేక ముద్ర వేసుకోవచ్చు, ఆ బొమ్మ పోస్టుమాస్టరే గీసి పంపవచ్చు.

పోస్టుమాస్టరుగా ఉన్న నెల్డా సంబరపడిపోయింది. ఉద్యోగం ఇంకో ఏడాదిలో అయిపోతుంది. ఇన్నేళ్లూ ఇతరుల ఉత్తరాలే మోసిన చేతులతో తనదంటూ ఒకటి చేసే అవకాశం ఇదొక్కటే అనుకుంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని మూడు సాయంత్రాలు గీసింది. ముందు ఒక పెద్ద మొదలు, వెనక కొండల అంచు, ఆ అంచులో రెండు గండ్లు, రెంటికీ సరిగ్గా మధ్యలో పక్కకి వాలిన ఒంటి మోడు. ఎక్కడి బొమ్మ అని ఆమె ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అడవి గీయమంటే చెయ్యి తనకు తెలిసిన అడవినే గీసింది.

జూన్‌లో స్టాంపు వచ్చిన వారానికి ముద్ర గడువు మొదలైంది, ఆ రోజు నుంచే సంచులు రాసాగాయి. దేశం నలుమూలల నుంచీ స్టాంపులు సేకరించేవాళ్లు కవరులో కవరు పెట్టి పంపారు. లోపలి కవరు మీద అడవి స్టాంపు అంటించి ఉండేది. "దయచేసి ముద్ర మెల్లగా, స్టాంపు మీద నాలుగోవంతు మాత్రమే పడేలా వేయగలరు. సిరా అంటకుండా పలుచని కాగితం జతచేశాను" అని చీటీలు. నెల్డా ఒక్కో కవరునూ పసిబిడ్డకు స్నానం చేయించినంత జాగ్రత్తగా ముద్రవేసి ఆరబెట్టేది. పదకొండు రోజుల్లో తొమ్మిది వందలు వెళ్లాయి.

పన్నెండో రోజు ఓడెల్ మందుల పార్సిల్ కోసం వచ్చాడు. ఎనభై మూడేళ్లు, కళ్లు మసకలు. వాగు మొదట్లో పాత ట్రెయిలర్ బండిలో ఒక్కడే ఉంటాడు. ఎందుకక్కడ ఉంటున్నాడో తెలిసినవాళ్లకు తెలుసు. బల్ల మీద ఆరుతున్న కవరొకటి తీసి ముక్కుకు ఆనించుకుని చూశాడు.

"ఏం గీశావమ్మాయ్ ఇది?"

"మన కొండలే. బాగా కుదిరిందా?"

"బాగా కుదిరింది. అదే నా ఏడుపు." కవరు బల్లమీద పెట్టి, గోటితో మోడును నొక్కాడు. "ఈ మోడు ఈ రెండు గండ్ల మధ్యకి ఎక్కడ నిలబడితే వస్తుంది?"

నెల్డా వంగి ఆ మోడును చూసింది.

"రోడ్డు మీంచి చూస్తే మోడు ఎడమ గండికి అవతలుంటుంది. మిల్లు దగ్గర్నించి చూస్తే కనబడనే కనబడదు. ఈ లోయ మొత్తంలో మధ్యకొచ్చే చోటు ఒక్కటే. నువ్వూ నేనూ రొట్టె తిన్న చోటు."

"ఓడెల్, నేను కావాలని..."

"కావాలని చేశావని ఎవరన్నారు? చేశావన్నాను, అంతే."

తొమ్మిది వందల కవర్లు. తొమ్మిది వందల ఇళ్లలో, భూతద్దాలు పెట్టుకుని చూసే మనుషుల దగ్గర, తను చేజేతులా పంచిన దారి. మ్యాపు గీయకూడదన్న కట్టుబాటు తప్పింది, అదీ ఊళ్లో అందరికన్నా నోరు కట్టుకున్న మనిషి.

ఆ రోజే పై ఆఫీసుకు ఫోన్ చేసి ముద్ర ఆపేయవచ్చా అని అడిగింది. "ఆపొచ్చు, కారణం రాసి పంపండి, ఫైల్లో పెడతాం" అన్నారు. ఆ కారణమే రాయడానికి వీల్లేదు కదా. ఫోన్ పెట్టేసింది. మర్నాటి నుంచీ వచ్చిన ప్రతి కారునూ కిటికీలోంచి చూడసాగింది. వేరే రాష్ట్రం నంబరు ప్లేటు కనిపిస్తే అది ఎటు తిరుగుతుందో చూసేది. కెమెరా వేసుకున్న దంపతులు దారి అడిగితే ముఖం చిట్లించుకుని, "ఇక్కడ చూడ్డానికేం లేదు, సముద్రం వైపు వెళ్లండి" అనేది. పాత మిల్లు గేటుకు వేసిన గొలుసు ఒక ఉదయం తెగి కింద పడుంది. ఎవరు తెంచారో తెలియలేదు. తుప్పు పట్టి తెగిందేమో కూడా. కానీ ఆమె మాత్రం బయటివాళ్లే అనుకుంది. భయం ఒకవైపు చూడమంటే మనిషి అటే చూస్తాడు, ఇంకోవైపు చూడడు.

ఆదివారం ఆఫీసు మూసి ఉన్నప్పుడు తాళం తీసి లోపలికెళ్లింది. ముద్ర బోర్లించి, కిటికీ వెలుతురులో, కొత్త బ్లేడుతో ఆ రబ్బరు మీది మోడును గీకేసింది. కుడి గండిని కూడా చదును చేసింది. ప్రభుత్వ సొత్తు. ముప్పై నాలుగేళ్లలో ఒక పెన్సిలు ఇంటికి తీసుకెళ్లని మనిషి. బ్లేడు జారి ఒకచోట బొటనవేలు తెగింది. కాగితం మీద వేసి చూస్తే కొండ అంచు పన్ను ఊడిన నోరులా కనిపించింది. పోనీ, ఇక మీదట వెళ్లేవి ప్రమాదం లేనివి అని ఊపిరి పీల్చుకుంది. ఓడెల్‌కు చెప్తే అతను తల ఊపాడు.

స్టాంపులు సేకరించేవాళ్ల గురించి మా వాళ్లకు తెలిసింది తక్కువ. ఒక ముద్ర మొదట్నించీ చివరిదాకా ఒకేలా ఉంటే వాళ్లు ఆల్బంలో పెట్టి మరిచిపోతారు. తేడా కనబడిందా, ఇక నిద్రపోరు. ఇరవై ఆరో రోజున ఒహాయోలో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి దగ్గర్నుంచి నెల్డాకు పెద్ద కవరు వచ్చింది. లోపల ఆయన సంఘం నడిపే చిన్న పత్రిక. నాలుగో పేజీలో స్లేట్ ఫోర్క్ ముద్ర రెండుసార్లు, అరచేయంత పెద్దగా. పైన 'మొదటి రకం', కింద 'రెండో రకం'. మొదటిదాంట్లో మోడు చుట్టూ ఎర్ర సున్నా, గండి దగ్గర బాణం గుర్తు. "ముద్ర అరిగిపోవడం వల్ల కాదు, ఎవరో కావాలనే తీసేసినట్టుంది. ఎందుకో తెలిస్తే మా సభ్యులకు ఎంతో ఆసక్తికరం" అని రాశారు. పాపం ఆయన మర్యాదకొద్దీ ఊళ్లోవాళ్లు కూడా సంతోషిస్తారని కాఫీ హోటలుకు పది కాపీలు పంపాడు.

నెల్డా పరుగులాంటి నడకతో హోటలుకు వెళ్లేసరికి హోటలామె ఆ పేజీని గోడకు అంటించేసింది. మా ఊరి పేరు అచ్చులో చూసి అందరూ ఆనందపడుతున్నారు. గోడ దగ్గర రాయిస్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు.

"ఏం పోస్టుమాస్టరు గారూ, దేశమంతా నీ బొమ్మే చూస్తోందంట కదా! ఇక మాతో మాట్లాడతావో లేదో," అన్నాడు.

"అది పొగడ్త కాదు, ఎగతాళి. తీసేయమను," అంది నెల్డా.

"ఎందుకు తియ్యడం? ఎంత వివరంగా ఉందో." అతను మళ్లీ గోడవైపు తిరిగి కాఫీ చప్పరించాడు.

అందరి ముందూ చింపేస్తే ఇంకెంత మంది చూస్తారో అని ఆమె వెనక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం ఓడెల్ దగ్గరికి నడిచివెళ్లి అంతా చెప్పింది. ముసలాయన జేబులోంచి ఆసుపత్రి చీటీ తీసి ఆమెకిచ్చాడు.

"ఎల్లుండి నా కంటి ఆపరేషను. రెండు రోజులు పెద్దూళ్లో ఉండాలి. వాయిదా వేసుకుంటాను."

"వద్దు. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశావు. ఉన్న చూపు కూడా పోతుంది. నేను చూసుకుంటాను."

"రోజూ మధ్యాహ్నం ఒకసారి పైకి వెళ్లు. ఎవరైనా ఉంటే నువ్వేం చెయ్యక్కర్లేదు. మనిషి కనబడితే చాలు, దొంగకి చెయ్యి ఆడదు. వెళ్తావు కదా?"

"వెళ్తాను."

మొదటి రోజు వెళ్లింది. పదకొండూ ఉన్నాయి. అవతలిదాని మొదట్లో, పొట్టేలంత బుడిపె మీద నాచు పచ్చగా, తడిగా ఉంది. అక్కడి నేల మెత్తన. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. వయసులో ఉన్నప్పుడు ఆ నిశ్శబ్దం ఆమెకు ధైర్యమిచ్చేది, ఆ రోజు మాత్రం వీపు మీద ఎవరి చూపో ఉన్నట్టనిపించింది. వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ దిగింది.

రెండో రోజు, అంటే ఇరవై తొమ్మిదో రోజు, సంచులు నాలుగు వచ్చాయి. పత్రిక చూసినవాళ్లందరూ గడువు ముగిసేలోగా రెండో రకం ముద్ర కోసం కవర్లు తోసేశారు. ఆరు వందల పైచిలుకు. పన్నెండున్నరకు తలుపు మూసి పైకి వెళ్లాల్సింది. ఇంకో యాభై వేసి వెళ్దామనుకుంది. ఒకటిన్నరకు ఇంకో యాభై అనుకుంది. ఎప్పటి పనైనా అప్పుడే పూర్తిచేయడం ఆమెకు ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. ఇన్నేళ్లూ ఆ అలవాటుకే ఊరు ఆమెను మెచ్చుకుంది. రెండింటప్పుడు వాగు వైపు నుంచి సన్నగా రంపం మోత వినిపించింది. ఎవరో పొయ్యి కట్టెలు కోసుకుంటున్నారనుకుంది. నిజం చెప్పాలంటే అలా అనుకోవాలని అనుకుంది. అయిదింటికి ఆఖరి కవరు ఆరబెట్టేసరికి పొగమంచు దిగిపోయి అడుగు దూరం కూడా కనిపించలేదు. రేపు పొద్దున్నే వెళ్తాను, అనుకుని ఇంటికెళ్లింది. పొద్దున కూడా సంచుల బండి ముందే వచ్చింది, వెళ్లలేదు.

ముప్పయ్యో రోజు పది గంటలకు రాయిస్ ప్రూయిట్ భుజాన అట్టపెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. బల్ల కిర్రుమంది. వాసన ముందుగా వచ్చింది. ఎండిన కర్రకు ఆ వాసన ఉండదు. తడి, వగరు, రక్తం రుచిలా నాలుక మీదికొచ్చే వాసన. పెట్టె అడుగున ఎర్రటి చెమ్మ ఊరుతోంది.

ఎవరు ఏ పార్సిల్ తెచ్చినా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆమె నోరు దానంతటదే అడిగింది.

"పాడైపోయేవి, కారిపోయేవి, ప్రమాదకరమైనవి ఏమైనా ఉన్నాయా?"

"లేవు. కర్ర పలకలు. గడియారాలు చేసుకునేవాళ్లు అడిగారు." రాయిస్ చేతులు తుడుచుకున్నాడు. గోళ్ల నిండా ఎర్ర పొట్టు. "స్టాంపులు ఆ అడవివే ఇవ్వు. ఇవాళేగా ఆఖరి రోజు, ఆ ముద్ర కూడా వెయ్యి. కొనేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది."

"ఎక్కడిది ఈ కర్ర, రాయిస్?"

"పడిపోయిన చెట్టుది."

"ఏ చెట్టు పడింది?"

అతను ఆఫీసులో ఇంకెవరూ లేరని ఒకసారి చూసుకున్నాడు. ముఖంలో వెక్కిరింపు లేదు. ఉంటే ఆమె తట్టుకునేదేమో.

"బయటి ఊళ్ల కార్లన్నీ లెక్కపెట్టావంట కదా. వాళ్లకేం తెలుస్తుంది? నీ బొమ్మ చేత్తో పట్టుకుని ఏడాది తిరిగినా వాళ్లకు ఈ కొండలు ఒక్కటే. ఆ గండ్లు నేను రోజూ చూస్తాను. ఆ మోడు పక్కన నేను పుట్టాను." అతను పెట్టె మీద చెయ్యి వేశాడు. "ఇరవై ఏళ్లు మిమ్మల్ని అడిగాను, నెల్డా. ఒక్కసారి చూసొస్తాను, చెయ్యి కూడా వెయ్యనన్నాను. నవ్వారు. ఆ బొమ్మ ముద్ర పెట్రోలు బంకువాళ్లు నాకు పంపిన బిల్లు మీద కూడా పడింది, నేను చూడనే లేదు. నువ్వు చెరిపేశావు చూడు, అప్పుడు చూశాను. ఎవరూ చూపించలేదు నాకు. నువ్వే చూపించావు."

ఈసారి అతను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు.

నెల్డా పెట్టె తూచింది. స్టాంపులు అంటించింది. ముద్ర వేసింది, మెల్లగా, సిరా పాకకుండా. తీసుకున్న పార్సిల్ పంపాల్సిందే, తెరవకూడదు. రసీదు ఇచ్చింది. తలుపు దాకా వెళ్లిన రాయిస్ వెనక్కి తిరిగి, "ఇంకో పది ఉన్నాయి కదా," అన్నాడు. బెదిరింపుగా అనలేదు. రేపు కూడా పార్సిల్ ఉంటుందని చెప్పినట్టు అన్నాడు.

బండి చప్పుడు దూరమయ్యాక ఆమె పోలీసు పనులు చూసే షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల కుర్ర గొంతు, మర్యాద తెలిసిన గొంతు.

"చెట్టు బుడిపె కోసుకుపోయారు. పాత రెడ్‌వుడ్. కోసిన మనిషి ఎవరో నాకు తెలుసు. మళ్లీ వెళ్తాడు."

"మీరు చూశారా అమ్మా?"

"కర్ర వాసన చూశాను. ఆఫీసులోనే ఉంది, పెట్టెలో."

"కర్రంటే అన్నీ ఒకేలా ఉంటాయి కదమ్మా. చెట్టు దగ్గరికెళ్లి, కోత కొలిచి, ఫొటోలు తీసి, ఈ కర్ర దానిదేనని చూపించాలి. కోర్టులో మ్యాపు కూడా పెట్టాలి. ఎక్కడుంది ఆ చెట్టు?"

నెల్డా కిటికీలోంచి వాగు వైపు చూసింది. కోర్టు కాగితాలు ఎవరైనా చూడొచ్చు, పేపరువాళ్లు అచ్చు వేస్తారు, ఫొటోలు చూసి జనం వస్తారు. ఆ మెత్తని నేల మీద వేలమంది నడుస్తారు. చెప్పకపోతే రాయిస్ ఒక్కడే నడుస్తాడు, పది సార్లు.

"అమ్మా, ఉన్నారా? చోటు చెప్పకపోతే మేమేం చెయ్యలేం."

"ఉన్నాను."

"అయితే దారి చెప్పండి. నిదానంగా చెప్పండి, రాసుకుంటాను."

ఓడెల్ మధ్యాహ్నం బస్సుకు కంటికి కట్టుతో దిగుతాడు. నెల్డా గడియారం చూసింది. "పాత మిల్లు గేటు దాటాక వంతెన వస్తుంది. వంతెన దిగి ఎడమకి తిరగండి. అక్కడ్నించి వాగులోనే నడవాలి, గట్టు మీద దారి లేదు," అని మొదలుపెట్టింది. అవతలి కుర్రాడు ఒక్కో ముక్కా పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. వాగు రెండుగా చీలే చోటు అతనికి అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది.